నాయన కుర్చీని నేను సరిచేసిన సంగతి

మార్కాపురంలో నాకు ప్లైవుడ్ దుకాణం ఉంది. ఈ మాట ముందే చెప్పడం మంచిది. పాత చెక్కపని గురించి గొప్పలు పోయే మనిషి పగలంతా ఏం అమ్ముకుంటాడో చదివేవాళ్ళకు తెలియాలి కదా. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన షీట్లు, వాటి మీద టేకు చారలు అచ్చు వేసిన కాగితం, ఆ కాగితాన్ని చేత్తో తడిమి నిజం చెక్కే అనుకుని మురిసిపోయే జనం. వీళ్ళ మధ్య నా పగలు గడుస్తుంది. ఇల్లు గడిచేదీ వీళ్ళ వల్లే కాబట్టి ఎక్కువ మాట్లాడకూడదు.

ఇంట్లోకి మాత్రం ఒక్క ప్లైవుడ్ ముక్కను కూడా రానివ్వను. గిద్దలూరులోనో కంభంలోనో పాత మిద్దె పడగొడుతున్నారని తెలిస్తే చాలు, దుకాణం వదిలేసి బండెక్కుతాను. మా ఇంట్లో ఉన్నవన్నీ అట్లా వాలిపోయి తెచ్చుకున్నవే. మనిషి పట్టేంత భోషాణం ఒకటుంది. దాని మూత ఎన్నిసార్లు ఎత్తి దించినా కిర్రుమనదు. ఒక పట్టె మంచం ఉంది. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, వెదురు మేకులే తప్ప ఒక్క ఇనుప మేకు లేదు. ఇంటికొచ్చినవాళ్ళను ఆ మంచం పక్కన కిందికి వంగి చూడమంటాను. పైన నునుపు ఎవడైనా తెస్తాడు, కంటికి కనపడని అడుగున కూడా చిత్రిక పట్టినవాడే అసలు పనివాడు అని ఉపన్యాసం ఇస్తాను. "వచ్చినవాళ్ళను ముందు కాఫీ తాగనీయండి" అని నా భార్య లోపలి నుంచి కేకేస్తుంది.

ఇన్ని మంచి వస్తువుల మధ్య నాకు తలవంపుగా ఉన్నది ఒక్కటే. నాయన కూర్చునే చేతుల కుర్చీ.

అది జిట్రేగు చెక్క. నల్లటి చారలున్న ఆ చెక్కను చూస్తే ఇప్పటికీ నోరూరుతుంది. అంత మంచి చెక్కతో అంత వికారమైన కుర్చీ చేయడానికి ఎవడికి చేతులొచ్చాయా అనిపించేది. ఎడమ చెయ్యి కుడి చెయ్యి కన్నా రెండు వేళ్ళు కిందికి ఉంటుంది. కూర్చునే పలక కుడివైపుకు వాలి ఉంటుంది, దాని మధ్యలో ఉండాల్సిన గుంట ఒక పక్కకు జరిగి ఉంటుంది. వీపు ఆనే పట్టీలు పైకి పోయేకొద్దీ వెనక్కి వాలాల్సింది పోయి ముందుకు వంగుతాయి. అందులో ఎప్పుడైనా కూర్చుంటే వెనక నుంచి ఎవరో మెడ పట్టి గెంటుతున్నట్టు ఉండేది.

దాన్ని చేసింది మా సొంత ఊరి ఆచారి. చంద్రశేఖరపురం వైపు పల్లె మాది. నాయన అక్కడ ధాన్యం కొట్టు పెట్టుకుని బతికాడు. నేను ఇంటర్ అయ్యేదాకా అందరం అక్కడే ఉన్నాం, ఆ తర్వాత కొట్టుతో సహా మార్కాపురం వచ్చేశాం. ఆ వలసలోనే ఆచారి కూడా పని వెతుక్కుంటూ మార్కాపురం చేరాడు. నేను ప్లైవుడ్ వ్యాపారం నేర్చుకోవడానికి విజయవాడలో మా బంధువుల దుకాణంలో ఉన్న రోజుల్లో ఆయన మా పంచలో కూర్చుని పదకొండు రోజులు ఈ కుర్చీ చేశాడట. నేను వచ్చేసరికి నాయన అందులో కూర్చుని ఉన్నాడు.

నాకు పిల్లనిచ్చే విషయం మాట్లాడడానికి మా మామగారు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చిన రోజు, వాళ్ళ కళ్ళు ముందు ఆ కుర్చీ మీదే పడ్డాయి. ఒకాయన ఊరుకోలేక "ఇదేంది బావా, కుర్చీ ఇట్ల ఉంది?" అని అడిగేశాడు.

నాయన తడుముకోలేదు. "మా ఊరి ఆచారి బావా. కల్లు తాగి చేసినాడు. ఒక కన్ను మూసుకొని చూస్తే సరిగ్గానే ఉంటది. పారేస్తే వాడు నొచ్చుకుంటాడని నేనే కూచుంటన్నా" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. నాయన మంచి మనసు మీద వాళ్ళకు గురి కుదిరింది. సంబంధం ఖాయమైంది. ఆ రోజు నుంచి ఆ మాట మా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా నాయన చెప్పే మొదటి హాస్యమైంది. చెప్పే కొద్దీ పెరిగింది. ముందు ఒక ముంత కల్లు, తర్వాత కుండ, చివరికి ఆచారి కుర్చీని బోర్లా పెట్టుకుని చేశాడన్న దాకా పోయింది.

కొన్నాళ్ళకు నేను సొంతంగా దుకాణం తెరిచాను. ఆచారి ఒకరోజు వచ్చి మెట్టు కింద నిలబడి, "నీ కాడ ఏదన్నా పని ఇప్పించు నాయనా, తలుపులు కానీ, బల్లలు కానీ" అని అడిగాడు. నేను గల్లా ముందు నుంచి లేవకుండానే, "నీ పనితనం మా ఇంట్లో రోజూ చూస్తానే ఉన్నాం లే చిన్నాయనా" అన్నాను. దుకాణంలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. కొంచెంసేపు అక్కడున్న షీట్ల వైపు చూసి వెళ్ళిపోయాడు. తర్వాత ఆయన పలకల ఫ్యాక్టరీల్లో పిల్లల పలకలకు చట్రాలు కొట్టే పనిలో చేరాడని విన్నాను. జిట్రేగు చెక్కలో కుసి దింపి అతుకులు వేసిన మనిషి రోజంతా నాసి చెక్క పుల్లలకు మేకులు కొట్టుకుంటూ బతికాడు. అప్పట్లో నాకు అదేమీ అన్యాయంగా తోచలేదు. ఆయన చేతికి తగిన పని దొరికిందనుకున్నాను.

ఈ ఇరవై ఏళ్ళలో నాయన వంగిపోయాడు. ఒక్కసారిగా కాదు. ముందు నడుం పట్టేసిందన్నాడు. తర్వాత మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చింది. తర్వాత ఎడమ మోచెయ్యి చాపితే సగం దాకా వచ్చి ఆగిపోయింది. అడిగితే వాతం అనేవాడు. ఒక ఆయుర్వేదం నూనె సీసా చూపించేవాడు. డాక్టరు దగ్గరికి రమ్మంటే కసురుకునేవాడు. పడుకోవడం మానేసి రాత్రీ పగలూ ఆ కుర్చీలోనే ఉండేవాడు. మనం చూస్తుండగా అందులోంచి లేచేవాడు కాదు, కూర్చునేవాడూ కాదు. ఎవరైనా వచ్చేసరికి ఒంటి మీద దుప్పటి కప్పుకుని సర్దుకుని ఉండేవాడు.

నేను కళ్ళున్నవాణ్ణి కదా, నాకు కారణం దొరికింది. వంకర కుర్చీలో ఇరవై ఏళ్ళు కూర్చుంటే మనిషి వంకరపోక ఏమవుతాడు? కుర్చీ ఎడమ చెయ్యి కిందికి ఉంది, నాయన ఎడమ భుజం కిందికి జారింది. కుర్చీ వీపు ముందుకు వంగింది, నాయన మెడ ముందుకు వంగింది. లెక్క అంత చక్కగా కలిసింది. ఆచారి మీద నాకు అసహ్యం పుట్టింది. కల్లు తాగి చేసిన పని మా నాయనను కుంటివాణ్ణి చేసిందని దుకాణంలో నలుగురితో అన్నాను కూడా. అన్న మాట అన్నట్టే రాయాలి.

పోయిన ఏడాది నాయనకు కంటి పొర ఆపరేషన్ చేయించడానికి ఒంగోలు తీసుకుపోయాం. నా భార్య ఆయనతో ఆసుపత్రిలో ఉంది; అక్కడ ఆయన దిండ్ల మధ్య నిద్ర లేకుండా నెట్టుకొచ్చాడని తర్వాత తెలిసింది. మార్కాపురం తిరిగొచ్చిన నాకు చేతిలో నాలుగు రోజులున్నాయి. నాయన ఇంట్లో ఉంటే ఆ కుర్చీని ముట్టుకోనివ్వడు. ఇదే సమయం అనుకుని దాన్ని ఆటోలో వేయించుకుని దుకాణం వెనక షెడ్డుకు తెచ్చాను.

షెడ్డులో పనిచేసే మనిషి అర్ధవీడు వైపు వాడు. హైదరాబాదులో పదేళ్ళు ఇంటీరియర్ పని చేసి వచ్చాడు, చేతిలో మంచి పని ఉంది. ఇద్దరం కలిసి కుర్చీని విప్పడం మొదలుపెట్టాం. విప్పడానికే ఒక పూట పట్టింది. ఎక్కడా ఇనుప మేకు లేదు, జిగురు లేదు. ప్రతి కుసీ దాని బెజ్జంలోకి వెంట్రుక సందు లేకుండా దిగి ఉంది. వెదురు మేకులను మెల్లగా కొట్టి బయటికి తీస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. కూర్చునే పలకను తిప్పి అడుగు చూశాను. అద్దంలా చిత్రిక పట్టి ఉంది. ఎడమ చేతి పట్టీ మీద మోచెయ్యి ఆనేచోట ఒక చిన్న గుంట ఉంది. దాన్ని ఉలితో తొలిచి, తర్వాత గాజు పెంకుతో గీకి, ఎంత నున్నగా చేశాడంటే వేలు దానంతట అదే అందులోకి జారింది.

"సార్, ఇది తాగి చేసిన పని కాదు" అన్నాడు మా పనివాడు.

"అతుకులు బాగా పెట్టినాడు లే. కొలతలు రావు వాడికి" అన్నాను.

పదేపదే గుర్తొచ్చేది ఈ మాటే. కంటికి కనపడని అడుగున చిత్రిక పట్టినవాడే పనివాడని ఊరందరికీ చెప్పింది నేనే. చేతిలో పలక తిరగేసి పట్టుకున్నదీ నేనే. ఆ వంకరలన్నీ మిగతా కుర్చీ కన్నా ఎక్కువ శ్రద్ధతో చేసినవని నా వేళ్ళకు తెలిసింది. తెలిసి కూడా, మట్టం పెట్టి గీత గీసి, ఇక్కడికి కోసెయ్యమని చెప్పాను.

రెండు చేతులూ ఒక ఎత్తుకు తెచ్చాం. కూర్చునే పలకను మెషిన్ మీద పెట్టి సమంగా దించాం. పక్కకు జరిగిన గుంట పోయింది. వీపు పట్టీలను కోసి, వెనక్కి వాలేటట్టు కొత్త బెజ్జాలు తీసి కూర్చాం. పాలిష్ మూడు చేతులు వేశాం. నాలుగో రోజు సాయంత్రానికి ఆ కుర్చీ ఏ జమీందారు ఇంట్లోనో ఉండాల్సిన వస్తువులా తయారైంది. ఫోటోలు తీసి బంధువులందరికీ పంపాను. ముందు ఇలా, తర్వాత ఇలా అని రెండూ పక్కపక్కన పెట్టి మరీ పంపాను.

నాయన ఒంగోలు నుంచి వచ్చాడు. కంటికి నల్లద్దాలు పెట్టారు కాబట్టి ముందు ఆయనకు తేడా కనపడలేదు. అలవాటు ప్రకారం చేత్తో కుర్చీ కోసం తడుముకున్నాడు. ఎడమ చెయ్యి ఎక్కడ ఉండాలో అక్కడ తగల్లేదు. ఆగిపోయాడు. పాలిష్ వాసన వచ్చినట్టుంది, నా వైపు మొత్తంగా తిరిగాడు.

"బాగు చేయించినా నాయనా. ఇంక నీ నడుం కూడా దారికొస్తుంది, కూచో" అన్నాను.

కూర్చున్నాడు. చెయ్యి ఎత్తుగా ఉండి భుజం పైకి లేచింది. వీపు పట్టీలు వెనక్కి పోయాయి కాబట్టి నాయన మెడ గాల్లో ఉండిపోయింది. పై పెదవి మీద చెమట పట్టింది. నేను ఆయన ముఖం వైపే చూస్తూ మెచ్చుకోలు కోసం నిలబడి ఉన్నాను.

"బాగుందిరా" అన్నాడు.

మూడు రోజులు బాగుందనే అన్నాడు. నాలుగో రోజు నా భార్య, "మీ నాయన అన్నం ముద్ద నోటిదాకా తీసుకుపోలేకపోతన్నాడు, నిద్ర లేదు, కుర్చీ అంచున కూచోని గోడ పట్టుకోని ఉంటన్నాడు, మీకేమన్నా కనపడతందా?" అని మొహం మీదే అడిగింది. కొత్తలో అట్లే ఉంటుంది, ఒళ్ళు సరి కావడానికి టైం పడుతుందన్నాను. దిండ్లు పెట్టాం. మెత్తటి రిక్లైనర్ ఒకటి తెప్పించాను, అందులోకి దిగబడి నాయన అరిచిన అరుపు వీధి దాకా వినపడింది. పట్టె మంచం మీద పడుకోబెడితే మోకాళ్ళు దిగలేదు, మెడ ఆనలేదు. ఆరో రోజు నన్ను దగ్గరికి పిలిచి, తల ఎత్తలేక నేల వైపే చూస్తూ, "ఆచారిని పిలిపించు" అన్నాడు.

ఆచారి పలకల పని మానేసి చాలా కాలమైంది. రాచర్ల దగ్గర పల్లెలో కూతురి ఇంట్లో ఉంటున్నాడు. ఫోనుకు అందలేదు కాబట్టి నేనే కారులో వెళ్ళాను. చూసి గుర్తుపట్టలేకపోయాను. ఆయన కూడా నాయన లాగే వంగిపోయి ఉన్నాడు. మెడ తిరగదు. చేతివేళ్ళు ముడుచుకుని ఉన్నాయి, ఉలి పట్టుకునే చేతులు కావవి. మా నాయనను వంచింది ఆ వంకర కుర్చీ అయితే, ఈయన్ని ఏ కుర్చీ వంచింది అన్న ఆలోచన అక్కడ వాకిట్లో నిలబడి ఉండగా వచ్చింది.

మా ఇంటికి వచ్చి ఆయన ముందు నాయన దగ్గరికి పోలేదు. కుర్చీ దగ్గరికి పోయాడు. వంగలేడు కాబట్టి పక్కన నిలబడి అరచేత్తో చేతుల మీద, వీపు మీద నిదానంగా తడిమాడు.

"ఎవురు చేసినారు ఈ పని?"

"నేనే చేయించినా చిన్నాయనా."

"వంకరలన్నీ తీసేసినావు."

"తీయించినా."

"అయి మీ నాయనయి" అన్నాడు.

తర్వాత ఆయన చెప్పిందంతా నిలబడే చెప్పాడు. మా ఊరి బావి నీళ్ళు మనుషుల ఎముకలను పట్టేస్తాయని నాకూ తెలుసు, అందరికీ తెలుసు. ఫ్లోరైడ్ అనే మాట పశ్చిమ ప్రకాశంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ అది ఊళ్ళో మిగిలిపోయిన కూలివాళ్ళకు వచ్చేదనీ, మాలాంటి కొట్టు పెట్టుకుని బయటపడ్డ వాళ్ళకు కాదనీ మా ఇంట్లో ఒక నమ్మకం. నాకు సంబంధాలు చూస్తున్న రోజులకే నాయన వెన్ను బిగుసుకోవడం మొదలైందట. సాదా కుర్చీలో కూర్చుంటే నిమిషానికే ముఖంలో నొప్పి తెలిసిపోతుంది. ఆ నీళ్ళ ఇల్లని తెలిస్తే పిల్లనెవరిస్తారు? అందుకని ఆచారిని పిలిచి, నొప్పి బయటికి కనపడకుండా కూర్చునే కుర్చీ చేసి పెట్టమన్నాడట.

"టేపు పెట్టి కొలిస్తే నిలబడిన మనిషి కొలత వస్తది గానీ, నొప్పి లేని కొలత రాదు నాయనా" అన్నాడు ఆచారి. కొట్లో ఉన్న కొర్రల బస్తాను సగం ఖాళీ చేసి, దాని మీద నాయనను కూర్చోబెట్టాడట. కొర్రలు సన్న గింజ, మనిషి ఎటు ఒరిగితే అటు జారి చోటిస్తాయి. నొప్పి పూర్తిగా తగ్గేదాకా అటూ ఇటూ సర్దుకోమని, తర్వాత కదలకుండా లేపి, ఆ పడ్డ గుంటలో పుల్లలు గుచ్చి లోతులు తీసుకున్నాడట. వీపుకూ అట్లే, మోచేతికీ అట్లే. రోజుకొకసారి, పదకొండు రోజులు.

"మరి కల్లు తాగి చేసినావని చెప్తుంటే ఎందుకు ఊరుకున్నావు?" అన్నాను.

"నేనసలు తాగనే తాగను. మీ నాయన చెయ్యి పట్టుకోని అడిగినాడు, పిల్లోని పెండ్లి అయ్యేదాకా అట్ల చెప్తా అని. చెప్పు పో అన్నా. పెండ్లి అయిపాయె. ఆయన చెప్పేది ఆపల్యా. ఊర్లో ఒక్కడు నాకు తలుపు చెక్క ఇయ్యల్యా."

"కోపం లేదా చిన్నాయనా?"

"ఎందుకు లేదు? ఉంది."

"మరి ఎందుకొచ్చినావు?"

"కుర్చీ నాది గదా" అన్నాడు.

గోడ అవతల గదిలో నాయన ఉన్నాడు. ఇదంతా ఆయనకు వినపడే ఉంటుంది. లోపలికి వెళ్ళి, "నాకన్నా చెప్పకూడదా నాయనా? పెండ్లయి ఇరవై ఏండ్లాయె గదా" అని గట్టిగానే అరిచాను. నాయన, "చెప్పీ చెప్పీ అలవాటైపోయింది" అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ ఆచారి ఆ మాట విన్నాడు. నాయన ఆయనను క్షమించమని అడగలేదు. అడుగుతాడేమోనని నేను ఎదురుచూశాను. "కొర్రలు తెప్పించండి" అన్నాడు ఆచారి.

పాత కుర్చీని మళ్ళీ వంచడం కుదరదు. మెషిన్ తిన్న చెక్కను తిరిగి అతికించలేం. కొత్తది చేయాలి. నా దగ్గర దాచుకున్న జిట్రేగు దిమ్మె ఒకటి తీశాను. బస్తా మీద నాయనను నేనూ మా పనివాడూ పట్టుకుని కూర్చోబెట్టాం. పది రోజుల తర్వాత మొదటిసారి ఆయన మొహంలో కండరాలు వదులయ్యాయి, కళ్ళు మూతలు పడ్డాయి. నాకు ఏడుపు ఆగలేదు. అయితే బస్తానే ఉంచేద్దాం అన్నాను. గంటసేపు చూడమన్నాడు ఆచారి. గంటకు గింజలు బరువుకు జారి, బస్తా కుంగి, నాయన మళ్ళీ మూలగడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి గంటకోసారి నాయనను లేపి, బస్తాను కుదిపి గుల్లించి, మళ్ళీ కూర్చోబెట్టడమే నా పని. దుకాణం మొహం చూడలేదు.

షెడ్డులో ఆచారి స్టూలుకు ఆనుకుని నిలబడి చెప్పేవాడు, మా పనివాడు చేసేవాడు. మెషిన్లు వద్దన్నాడు. ఉలి, బాడిస, చేతి రంపం, అంతే. రోజూ వచ్చి కొలత మళ్ళీ తీసేవాడు. నిన్నటి కొలత ఇవాళ సరిపోయేది కాదు, నాయన అంత త్వరగా కుంగిపోతున్నాడు. "తొందరగా చెయ్యండి" అని నేను అరిచేవాణ్ణి. "తొందరగా చేసింది నువ్వు చూసినావు గదా" అని ఒక్కసారి మాత్రం అన్నాడు ఆచారి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బస్తా గుల్లించి కూర్చోబెట్టబోతుంటే నాయన నా చేతుల్లోనే పోయాడు. నొప్పితోనే పోయాడు. ఆ విషయంలో నాకు నేను అబద్ధం చెప్పుకోదలచుకోలేదు.

పాడె మీద పడుకోబెట్టేటప్పుడు నాయన మోకాళ్ళు, మెడ దిగలేదు. బలంగా నొక్కితే దిగుతాయని బంధువుల్లో ఒకరు మోకాళ్ళ మీద చేతులు వేశారు. "వద్దు" అన్నాడు ఆచారి. వచ్చినవాళ్ళలో ఎవరికీ ఆయనెవరో తెలియదు. అయినా ఆ గొంతుకు చేతులు తీసేశారు. నాయన వంకర నాయనకే ఉండగా, కింద గడ్డి మూటలు ఎత్తు పెట్టి తీసుకుపోయాం.

పెద్దకర్మ అయ్యాక కుర్చీ పని ఆపెయ్యమని చెప్పాను. మా పనివాడు ఆపాడు. రెండు రోజుల తర్వాత ఆచారి రాచర్ల నుంచి ఆటోలో తనంతట తనే వచ్చాడు. "సగంలో వదిలిపెడితే ఎట్ల" అన్నాడు. నేను వద్దనలేకపోయాను. మిగిలిన పని అయిదు రోజులు పట్టింది. పాలిష్ వేయనివ్వలేదు, నూనె గుడ్డతో తుడిపించాడు. ఎడమ చెయ్యి రెండున్నర వేళ్ళు కిందికి, పలక కుడికి వాలి, వీపు ముందుకు వంగి, కుర్చీ తయారైంది. నేను ఇన్నేళ్ళలో కొని తెచ్చిన వాటిలో దాని కాలిగోటికి సరిపోయేది ఒక్కటీ లేదు.

"ఎవురన్నా కూచోండి. అతుకులు కదులుతాయేమో చూడాల" అన్నాడు ఆచారి.

మా పనివాడు కూర్చుని వెంటనే లేచాడు. వీపంతా గుచ్చుకుంటోందన్నాడు. ఆ మాటకు ఆచారి మొహం వెలిగింది. అట్లే ఉండాలన్నాడు. అతుకులు సరిగ్గా తెలియలేదు, ఇంకాస్త బరువున్న మనిషివి, నువ్వు కూచో అన్నాడు నన్ను.

కూర్చున్నాను. గుచ్చుకుంటుందని పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఏమీ గుచ్చుకోలేదు. ఎడమ మోచెయ్యి గుంటలో పడింది. వీపు పట్టీలు మెడ కిందికి వచ్చి నా తల బరువు తీసుకున్నాయి. రెండేళ్ళుగా భుజాల మధ్య ఒక పట్టు ఉండేది నాకు. గిద్దలూరు రోడ్డు మీద బండి తోలి తోలి వచ్చిందనుకునేవాణ్ణి, పొద్దున లేవగానే గోడకు ఆనుకుని దాన్ని సర్దుకునేవాణ్ణి, నా భార్యకు కూడా చెప్పలేదు. ఆ పట్టు మెల్లగా వదిలింది. ఎంత హాయిగా ఉందంటే, నాకు భయం వేసింది. లేవాలనిపించలేదు.

ఎంతసేపైందో తెలియదు. ఆచారి నా ఎదురుగా వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి నాయనా?" అన్నాడు.

"రెండేండ్లయింది చిన్నాయనా" అన్నాను. "మెడ కూడా ఎడమకు తిరగడం ల్యా."

ఆయన జేబులోంచి దారం తీసి, ముడుచుకుపోయిన వేళ్ళతో ఎట్లాగో దాన్ని నా మోచేతి కింద పట్టుకుని చూసుకున్నాడు. తర్వాత మా పనివాడి వైపు మొత్తంగా తిరిగి, "ఈ చెయ్యి ఒక వేలు పైకి లేపాల" అన్నాడు.